అరువు ఇచ్చేముందే తారీఖు మాట్లాడుకోవాలి: చిన్న షాపు వాళ్ళకి ఖాతాలు, వసూళ్ళ గురించి మొదటి నుంచి చివరిదాకా

మాది పెయింట్లు, పైపులు, సిమెంటు, కరెంటు సామాను అమ్మే షాపు, గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌన్. కౌంటర్లో కూర్చోడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఈమధ్య మా లైన్లోనే కొత్తగా షాపు పెట్టిన ఒక తమ్ముడు వచ్చి "అన్నా సేల్స్ బానే ఉంటున్నాయి గానీ గల్లాలో డబ్బులుండట్లా, డిస్ట్రిబ్యూటర్‌కి కట్టడానికి ఇంట్లో బంగారం కుదువ పెట్టా" అన్నాడు. ఆ మాట విని మనసు చివుక్కుమంది, ఎందుకంటే వ్యాపారం నడవక కాదు, నడుస్తూనే డబ్బులు ఊళ్ళో ఉండిపోయి ఇలా అవుతుంది. ఇద్దరం కూర్చుని అతని ఖాతా పుస్తకం పేజీ పేజీ తిరగేశాం. ఆ రోజు అతనికి చెప్పినవే ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నా. మేం అరువు అంటాం, తెలంగాణలో ఉద్దెర అంటారు, పేరేదైనా బాధ ఒకటే.

కిరాణా అయినా, ఎరువుల షాపైనా, వెల్డింగ్ షాపైనా పద్ధతి ఇదే పనికొస్తుంది, అంకెలు మీవి వేసుకోండి.

ముందు నాకు జరిగింది చెప్తా

ఒక కొత్త ఇంటికి మేస్త్రీ రోజూ కుర్రాణ్ణి పంపించి సామాను తీసుకెళ్ళేవాడు. పుట్టీ, ప్రైమరు, వైట్ సిమెంటు, రెండు రోజులకోసారి ఇంకేదో. ఆయన మాకు తెలిసిన మేస్త్రీనే, మంచివాడు, అందుకని పుస్తకంలో "మేస్త్రీ, కొత్త ఇల్లు" అని రాసి కింద రోజువారీ పద్దులు వేసుకుంటూ పోయాం. మూడు నెలలకి 83,400 అయింది. గృహప్రవేశం అయిపోయాక ఇంటాయన దగ్గరికి వెళ్తే "నేను మెటీరియల్‌తో కలిపి కాంట్రాక్టు ఇచ్చానండి, మేస్త్రీని అడగండి" అన్నారు. మేస్త్రీని అడిగితే "ఓనరు గారి దగ్గర్నుంచి నాకే ఇంకా లక్ష రావాలి, రాగానే మీకే ఇస్తా" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కానీ నా పుస్తకంలో ఉన్న ఆ ఒక్క లైను చూపించి ఎవర్నీ గట్టిగా అడగలేకపోయా, ఎందుకంటే బాకీ ఎవరిదో నేనే రాసుకోలేదు, ఎప్పుడిస్తారో ఎవర్నీ అడగలేదు, కుర్రాడితో ఒక్క సంతకం పెట్టించుకోలేదు.

వసూలు అంటే ఫోన్లు చేయడం, తిరగడం అనుకుంటాం గానీ, సగం వసూలు సరుకు గుమ్మం దాటకముందే అయిపోతుంది, లేదా అక్కడే పోతుంది.

మొదటి పని: బయట ఎంతుందో తేల్చుకోండి

చాలామందికి ఈ అంకె తెలీదు. ఆ తమ్ముణ్ణి అడిగితే "ఒక నాలుగు లక్షలుంటదన్నా" అన్నాడు. రాసి చూస్తే 7,40,000. ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు గళ్ళు గీయండి. 30 రోజుల లోపువి ఒక గడి, 31 నుంచి 60 దాకా రెండోది, 61 నుంచి 90 మూడోది, 90 దాటినవన్నీ నాలుగోది. ప్రతి ఖాతాలో ఉన్న బాకీని బిల్లు తారీఖు చూసి ఈ గళ్ళలో వేయండి. అతనిది ఇలా వచ్చింది: 2,10,000, తర్వాత 1,60,000, తర్వాత 90,000, నాలుగో గడిలో 2,80,000. ట్యాలీ వాడేవాళ్ళకి బిల్లువారీ ఔట్‌స్టాండింగ్ రిపోర్టు ఒక్క నొక్కుడులో వచ్చేస్తుంది, ఖాతాబుక్ లాంటి యాప్ ఉన్నా ఎవరి దగ్గర ఎంతుందో కనపడుతుంది, కానీ మొదటిసారి మాత్రం చేత్తో రాయండి. రాస్తుంటేనే ఒక్కొక్క పేరు దగ్గర ఆగుతారు, "అరె ఈయనకి మొన్న కూడా ఇచ్చామే" అని గుర్తొస్తుంది.

ఇక్కడ ఇంకో లెక్క చేయండి. మొత్తం బాకీని నెలకి మీరు అరువుకి అమ్మే మొత్తంతో భాగించి 30తో గుణించండి. అతను నెలకి సుమారు 3 లక్షలు అరువుకి అమ్ముతాడు, అంటే 74 రోజులు. అతనికి డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే గడువు 21 రోజులు. మధ్యలో ఉన్న ఆ 53 రోజులకి డబ్బులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇంట్లో బంగారం లోంచి వచ్చాయి.

అరువు మనకి ఎంతకి పడుతుందో

సిమెంటు బస్తా 340కి కొని 350కి అమ్మామనుకోండి, మనకి మిగిలేది పది రూపాయలు. ఒక్క బస్తా డబ్బులు ఎగ్గొడితే ఆ 340 పూడ్చుకోడానికి ఇంకో 34 బస్తాలు అమ్మాలి, అదీ నగదుకి. ఇది ఎగ్గొట్టిన సంగతి. ఎగ్గొట్టకుండా ఆలస్యం చేసినా ఖర్చే. మన ఊళ్ళల్లో బయట వడ్డీ నూటికి రెండు రూపాయలు వేసుకుంటే 7,40,000 మీద నెలకి 14,800. అతని షాపు అద్దె 12,000. అంటే ఊరంతా కలిపి అతని చేత ఇంకో షాపు అద్దె కట్టిస్తున్నట్టు.

జీఎస్టీ సంగతి వేరే చెప్పాలి, చాలామంది మర్చిపోతారు. పెయింట్లు, పైపుల మీద 18 శాతం. 59,000 బిల్లు రాస్తే అందులో 9,000 ట్యాక్స్. అందులో కొంత మనం కొన్నప్పుడే డిస్ట్రిబ్యూటర్‌కి కట్టేశాం, మిగతాది నెలనెలా రిటర్ను వేసేవాళ్ళయితే వచ్చే నెల 20వ తారీఖులోపు కట్టాలి. కస్టమర్ ఇచ్చాడా లేదా అని అక్కడెవరూ అడగరు, బిల్లు రాశావా లేదా అన్నదే లెక్క. ఆ బాకీ తర్వాత పూర్తిగా మునిగిపోయినా కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మాత్రం, పుస్తకాలు సరిగ్గా రాసేవాళ్ళు రాని బాకీని కొట్టేసి ఖర్చు కింద చూపించుకోవచ్చు, మీ ఆడిటర్ని అడగండి.

ఇంకోటి, నగదు కడితే డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే సీడీ, అంటే క్యాష్ డిస్కౌంట్. మన డబ్బు ఊళ్ళో ఉన్నంత కాలం ఆ సీడీ మనకి రాదు, దాన్ని ఎవరూ నష్టం కింద రాసుకోరు గానీ అది నష్టమే.

ఎవరికివ్వాలి, ఎంతదాకా ఇవ్వాలి

అరువు అసలే ఇవ్వొద్దని నేను చెప్పను. "నేడు నగదు రేపు అరువు" అని బోర్డు పెట్టి కూర్చుంటే మా లైన్లో వ్యాపారం జరగదు, ప్లంబరుకి పని అయ్యాకే డబ్బులొస్తాయి, అతనికి మనం పదిహేను రోజులు ఆగితేనే అతని పని నడుస్తుంది. అరువు మన వ్యాపారంలో భాగం. కాబట్టి దానికీ సరుకుకి ఉన్నట్టే ఒక కొలత ఉండాలి.

నేను పాటించేది ఏంటంటే, కొత్తవాళ్ళకి మొదటి మూడు కొనుగోళ్ళు నగదే. నాలుగోసారి అడిగితే చిన్న మొత్తం, 5,000 అనుకోండి, దానికి తారీఖు పెట్టి ఇస్తా. చెప్పిన రోజుకి వస్తే ఆ తర్వాత 10,000, అలా పెంచుకుంటూ పోతా. ప్రతి ఖాతా పైన, పేరు పక్కనే, ఎర్ర పెన్నుతో లిమిట్ రాసి ఉంటుంది. నేను లేనప్పుడు గుమాస్తా అయినా మా ఆవిడ అయినా ఆ అంకె చూస్తారు, దాటితే నాకు ఫోన్ చేస్తారు. "మాకు తెలీదండి, ఆయన రాసి పెట్టారు, ఒక్కసారి అడుగుతాం" అనడం వాళ్ళకి కూడా తేలిక.

ఒక్క కస్టమర్ దగ్గర ఎంతదాకా ఉండొచ్చు అని తమ్ముడు అడిగాడు. ఆ డబ్బు మొత్తం పోయినా మీరు ఆ నెల డిస్ట్రిబ్యూటర్‌కి కట్టగలరా, పిల్లల ఫీజు కట్టగలరా? కట్టలేం అనిపించే అంకె వచ్చేలోపే ఆగండి. పెద్ద కాంట్రాక్టర్ ఒకడు దొరికాడు, నెలకి మూడు లక్షలు తీసుకుంటాడు అని సంబరపడి మొత్తం పెట్టుబడి ఆయన మీద పెట్టిన షాపులు మా బజార్లోనే మూతపడటం చూశా. గవర్నమెంటు పనులు చేసే కాంట్రాక్టరయితే ఆయన బిల్లు ఎప్పుడు పాసవుతుందో ఆయనకే తెలీదు. ఆయన నిజాయితీపరుడే కావచ్చు, కానీ మన గడువు ఆయన చేతిలో కూడా లేదు, అందుకని అలాంటివాళ్ళకి సగం ముందు తీసుకుని సగమే అరువు ఇస్తా.

ఇల్లు కట్టుకునేవాళ్ళు బ్యాంకు లోన్‌తో కడుతుంటే, లోన్ విడతలుగా వస్తుంది, బేస్‌మెంట్ అయ్యాక కొంత, స్లాబ్ అయ్యాక కొంత. "సార్, తర్వాత విడత ఎప్పుడండీ" అని ముందే అడిగి ఆ వారం తారీఖు రాసుకుంటే వసూలు దాదాపు దానంతటదే అవుతుంది. మిర్చి రైతయితే యార్డులో అమ్ముకున్న వారం. జీతం వాళ్ళయితే ఒకటి నుంచి ఐదు లోపు. మేస్త్రీలకి శనివారం కూలీల లెక్కలుంటాయి, ఆ రోజు సాయంత్రం అడిగితే చేతిలో ఉన్నదంతా కూలీలకి పంచేసి ఉంటారు, శనివారం పొద్దున్నే అడగాలి. ఎదుటివాడి చేతిలోకి డబ్బు ఏ రోజు వస్తుందో తెలిస్తే మన గడువు ఆ మర్నాడు పెట్టుకోవచ్చు. పుస్తకంలో అందరికీ ముప్పై రోజులు అని రాసుకుంటే ఎవరికీ కుదరదు.

కౌంటర్ దగ్గర అనాల్సిన మాట

ఇదే కష్టం అందరికీ. మొహమాటం. తెలిసినాయన, ఎదురుగా నిలబడి ఆటోలో సామాను ఎక్కించుకుంటుంటే "ఎప్పుడిస్తారు" అని అడగడానికి నోరు రాదు. అయిపోయాక అడగడం కష్టం కాబట్టి ముందే అడగండి, బిల్లు రాస్తూ, తల దించుకుని పెన్ను కదుపుతూనే అడగండి: "బాబాయ్, పన్నెండు వేల ఆరొందల యాభై అయింది, ఏ తారీఖు వేయమంటారు?" అంతే. "ఇస్తారా" అనలేదు, "ఎప్పుడు కుదురుతుంది" అనలేదు, ఏ తారీఖు వేయమంటారు అన్నా. ఆయనే చెప్తాడు, ఇరవై అనో, ఒకటో తారీఖు అనో. ఆయన నోటితో చెప్పిన తారీఖుని ఆయన కళ్ళముందే బిల్లు మీద పెద్దగా రాసి, "ఇరవైయ్యో తారీఖు బాబాయ్" అని చదివి కాగితం చేతికివ్వండి. ఈ చిన్న పని మొదలుపెట్టిన తర్వాత మా షాపులో వచ్చిన తేడా ఇంకే యాప్‌తోనూ రాలేదు.

"చూద్దాంలే", "మనకి మనకి తారీఖులేంటి" అంటే? నవ్వుతూనే, "తారీఖు లేకపోతే మా డిస్ట్రిబ్యూటర్ నన్ను వదలడు బాబాయ్, మీకు వీలైన రోజే చెప్పండి" అనండి. అప్పటికీ తారీఖు చెప్పనాయనకి ఆ రోజు నగదు సరుకే.

మేస్త్రీలు, ప్లంబర్ల విషయంలో ఇంకో ప్రశ్న కూడా ఉంది: "ఇది ఎవరి ఖాతా?" ఓనరు ఖాతా అంటే అప్పుడే అక్కడే ఓనరుకి స్పీకర్ పెట్టి ఫోన్ చేయండి. "సార్, ఫలానా మేస్త్రీ గారు మీ ఇంటికని సామాను తీసుకుంటున్నారు, మీ పేరున ఖాతా తెరవమంటారా, ఎంతదాకా ఇవ్వమంటారు?" ఆయన సరే అంటే అదే విషయం వాట్సాప్‌లో ఒక్క లైను పంపించి ఓకే అని జవాబు తెప్పించుకోండి. ఆయన "కాదు, మెటీరియల్ మేస్త్రీదే" అంటే అది మేస్త్రీ ఖాతా, మేస్త్రీ లిమిటే. రెండు నిమిషాల ఫోను, నాకు 83,400 నేర్పిన పాఠం ఇది.

రాత

పుస్తకమా యాపా అని వాదన పెట్టుకోకండి, ఏదో ఒకటి, కానీ ఒక్కటే. కొంత పుస్తకంలో, కొంత ఫోన్లో, కొంత క్యాలెండర్ వెనకాల ఉంటే ఏదీ నమ్మబుద్ధి కాదు, కస్టమర్‌కి కూడా. పద్దులో ఉండాల్సినవి తారీఖు, బిల్లు నంబరు, సరుకేంటి, ఎంత, ఎవరు తీసుకెళ్ళారు, ఇస్తానన్న తారీఖు. "సామాను 4,200" అని రాస్తే ఆర్నెల్ల తర్వాత "ఏం సామాను?" అని అడుగుతారు, దానికి మన దగ్గర జవాబుండదు. "అరంగుళం పైపు 6, ఎల్బోలు 12, సొల్యూషన్ 1" అని ఉంటే ఆయనకీ గుర్తొస్తుంది, గొడవ రాదు.

కుర్రాణ్ణి పంపించి తెప్పించుకునేవాళ్ళకి డూప్లికేట్ బిల్లు పుస్తకం వాడండి, కార్బన్ పేపర్ పెట్టి రాసి, మన కాపీ మీద ఆ కుర్రాడి పేరు, సంతకం. ఆటోలో పంపితే దించుకున్నవాళ్ళ సంతకం ఆటో అతను తేవాలి. దాంతోపాటు అప్పుడే బిల్లు ఫోటో అసలు కస్టమర్‌కి వాట్సాప్‌లో పంపండి. తేడా ఉంటే ఆ రోజే చెప్తారు. నెల తర్వాత లెక్క చూపిస్తే ప్రతి ఐటమ్ దగ్గరా ఇది మేం తీసుకోలేదంటారు, ఒక్కోసారి నిజంగానే మర్చిపోయి ఉంటారు.

డబ్బు వచ్చినప్పుడు కూడా అంతే. నగదు ఇస్తే వాళ్ళ ముందే జమ వేసి, మిగిలిన బాకీ ఎంతో చదివి చెప్పండి. యూపీఐలో వేశామని స్క్రీన్‌షాట్ పంపితే మన అకౌంట్‌లో పడిందో లేదో చూసుకున్నాకే జమ. నగదు విషయంలో ఒక జాగ్రత్త ఉంది, ఒకే మనిషి దగ్గర ఒక రోజులో, లేదా ఒకే బిల్లు మీద ముక్కలుగా అయినా సరే, 2 లక్షలు అంతకన్నా ఎక్కువ నగదు తీసుకోకూడదు. 2017 ఏప్రిల్ నుంచి ఉన్న రూల్ ఇది, తీసుకుంటే తీసుకున్నవాళ్ళకే అంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. పెద్ద మొత్తాలు బ్యాంకులోనే వేయించుకోండి.

గుర్తు చేయడం

గడువు దాటి నెలయ్యాక కోపంగా ఫోన్ చేస్తాం మనం. అలాకాదు, గడువుకి రెండు రోజుల ముందు మామూలుగా ఒక మెసేజ్ పెట్టండి. నేను పెట్టేది ఇలా ఉంటుంది:

"నమస్తే అన్నా. 4వ తారీఖు తీసుకున్న పైపుల బిల్లు 12,650, మనం అనుకున్న 20వ తారీఖు ఎల్లుండి. క్యూఆర్ కూడా పంపిస్తున్నా, పడగానే ఖాతాలో జమ చేసి మెసేజ్ పెడతా."

ఇందులో బతిమాలడం లేదు, బెదిరించడం లేదు, బిల్లు ఎంతో, ఏ సరుకో, ఏ తారీఖో ఉంది. నిజం చెప్పాలంటే ఆలస్యం చేసేవాళ్ళలో చాలామంది మర్చిపోయినవాళ్ళే, లేదా ముందు అడిగినవాళ్ళకి ఇచ్చేసినవాళ్ళు. సిమెంటు షాపాయన అడిగాడు, ఇసుక లారీ ఆయన ఇంటిముందు కూర్చున్నాడు, మనం అడగలేదు, మనకి రాలేదు.

గడువు రోజు సాయంత్రానికి రాకపోతే మర్నాడు ఫోన్. వారం దాటితే మళ్ళీ ఫోన్, ఈసారి నేనే చేస్తా, గుమాస్తాతో చేయించను. రెండు వారాలు దాటితే మనిషిని కలవడం. ఫోన్లో అడగాల్సింది రెండే, ఎంత, ఏ రోజు. "త్వరలో ఇచ్చేస్తా", "రేపో మాపో" అంటే దాన్ని జవాబు కింద తీసుకోవద్దు. "అలాగే అన్నా, ఏ రోజు అని రాసుకోను?" అని అడిగి తర్వాత మాట్లాడకుండా ఉండండి. ఆ రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం మనకి ఇబ్బందిగా ఉండి మనమే "పర్లేదులెండి, వచ్చేవారం చూడండి" అనేస్తాం, అక్కడే పోయేది. ఆగండి. ఆయన చెప్తాడు. చెప్పిన రోజు పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేయండి, "ఇవాళ అన్నారు కదన్నా" అని. రెండుసార్లు ఇలా చెప్పిన రోజే ఫోన్ వస్తే ఈ షాపాయన మర్చిపోడు అని తెలుస్తుంది.

మొత్తం ఒకేసారి ఇవ్వలేనంటే సంతోషంగా ముక్కలు తీసుకోండి. 40,000 బాకీ ఉన్న ప్లంబరు వారానికి 2,000 శనివారం శనివారం ఇస్తానంటే ఇరవై వారాల్లో తీరిపోతుంది, మనిషీ మిగులుతాడు. నేనైతే అలాంటప్పుడు కొత్త సరుకు నగదుకి ఇస్తూ పాతదానికి ప్రతి బిల్లులో కొంత కలిపి జమ వేయించుకుంటా. అతని పని ఆగకూడదు, పని ఆగితే నా బాకీ ఎలాగూ రాదు. అయితే పాతది అలాగే ఉండగా కొత్త అరువు మాత్రం ఇవ్వను. "ఈ ఒక్కసారికి ఇవ్వండి, ఆ పని అయితే మొత్తం కలిపి ఇచ్చేస్తా" అనే మాట మీద ఎన్ని షాపులు మునిగాయో మన బజార్లలో అడగండి, చెప్తారు.

అందరిముందు అడగొద్దు. ఇది నేను గట్టిగా నమ్మే విషయం. టీ కొట్టు దగ్గర, పెళ్ళిలో, వాళ్ళ పిల్లల ముందు బాకీ మాట ఎత్తితే డబ్బు రాకపోగా ఊళ్ళో మన పేరు పోతుంది. పేర్లు రాసి షాపు ముందు అంటించడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం, బండి లాక్కోవడం ఇవేవీ చేయొద్దు, న్యాయంగా మనదైన బాకీ కాస్తా మన మీద పోలీసు కేసవుతుంది. ఇంటికెళ్ళి పక్కకి పిలిచి, కూర్చుని, మర్యాదగా, కానీ తారీఖు తీసుకోకుండా లేవకుండా మాట్లాడాలి.

చుట్టాల సంగతి కూడా అడిగాడు తమ్ముడు. బావమరిది ఇల్లు కడుతున్నాడు, డబ్బులడగలేడు. చుట్టాలకి రేటులో తగ్గించండి, చేతనైతే కొన్నదానికే ఇవ్వండి, కానీ నగదుకి ఇవ్వండి. "బావా, లాభం వద్దు, కానీ ఇది డిస్ట్రిబ్యూటర్ డబ్బు" అని ముందే చెప్తే ఎవరూ ఏమనుకోరు.

మొండి బాకీలకి

నాలుగో గడిలో ఉన్నవాటిని రెండుగా విడదీయండి, ఇవ్వలేనివాళ్ళు, ఇవ్వనివాళ్ళు. ఇంట్లో జబ్బు, పంట పోవడం, పని దొరక్కపోవడం లాంటి కష్టంలో ఉన్నవాళ్ళని కోర్టుకి లాగి మనం బావుకునేది లేదు, వాళ్ళకి చిన్న వాయిదాలు, లేదా కొంత తగ్గించి ఒకేసారి తీర్చుకోవడం. రెండో రకం వాళ్ళ దగ్గర కాగితం కావాలి.

ముందు మూడేళ్ళ సంగతి తెలుసుకోండి. లిమిటేషన్ చట్టం ప్రకారం అరువు సరుకు డబ్బుకి కోర్టులో దావా వేయాలంటే మూడేళ్ళే. గడువు మాట్లాడుకోకపోతే సరుకు ఇచ్చిన రోజు నుంచి, మాట్లాడుకుంటే ఆ గడువు తీరిన రోజు నుంచి లెక్క. మూడేళ్ళు నిండకముందే బాకీదారు "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం పెడితే అక్కణ్ణుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు. కొంత డబ్బు కట్టినా అంతే, కాకపోతే ఆ కట్టినట్టు ఆయన చేతిరాత గానీ సంతకం గానీ ఉండాలి. అందుకే ఏడాదికోసారి, దసరా అప్పుడో మార్చి ఆఖరుకో, అందరి ఖాతా నిలువ చూపించి కింద సంతకం పెట్టించుకోండి. అందరి దగ్గరా పెట్టించుకుంటే ఎవరూ తప్పు పట్టరు.

పెద్ద మొత్తం అయితే ప్రోనోటు రాయించుకోవడం మనవైపు అలవాటే, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, ఇద్దరు సాక్షులుంటే మంచిది. దానికీ మూడేళ్ళే, మధ్యలో కట్టినప్పుడల్లా వెనకాల చెల్లు రాసి తారీఖుతో ఆయన సంతకం తీసుకోవాలి. చాలామంది నోటు బీరువాలో పెట్టి మర్చిపోతారు, తీసేసరికి కాలం చెల్లిపోయి ఉంటుంది.

చెక్కు తీసుకుంటే దాని మీద తారీఖు నుంచి మూడు నెలల్లోపే బ్యాంకులో వేయాలి. డబ్బుల్లేక తిరిగొస్తే, బ్యాంకు నుంచి ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెల లోపు కోర్టులో ఫిర్యాదు, చెక్కు బౌన్సు కేసులకి వాడే సెక్షన్ 138 అదే. ఈ రోజుల లెక్క తప్పితే కేసు బలహీనపడిపోతుంది కాబట్టి చెక్కు తిరిగొచ్చిన రోజే లాయర్ని కలవండి, "వచ్చేవారం చూద్దాం" వద్దు.

కోర్టు దాకా వెళ్ళకముందు లోక్ అదాలత్ ఉంది. చాలామంది షాపుల వాళ్ళకి ఇది తెలీదు. కేసు వేయకముందే, ప్రీ లిటిగేషన్ అంటారు, మీ కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. వాళ్ళు ఇద్దరినీ పిలిపిస్తారు. రాజీ కుదిరితే వాళ్ళిచ్చే అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అవతలాయన రాకపోయినా ఒప్పుకోకపోయినా వాళ్ళు బలవంతం చేయరు, కానీ కోర్టు నుంచి కాగితం వచ్చిందంటేనే సగంమంది ఫోన్ చేస్తారు.

కంపెనీలకీ, జీఎస్టీ ఉన్న షాపులకీ అమ్మేవాళ్ళకి ఒక మంచి ఆయుధం ఉంది. బిల్లు తారీఖు నుంచి 180 రోజుల్లో మనకి డబ్బు కట్టకపోతే వాళ్ళు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మన బిల్లులోని జీఎస్టీని వాళ్ళ ట్యాక్స్‌లో తగ్గించుకున్నది, వడ్డీతో వెనక్కి కట్టాలి. నాలుగో నెల దాటాక వాళ్ళ అకౌంటెంట్‌కి ఈ ఒక్క విషయం మర్యాదగా గుర్తు చేస్తే చాలు.

వెల్డింగ్, ప్రింటింగ్, ఇటుకల బట్టీ, ప్యాకింగ్ లాంటి తయారీ గానీ సర్వీసు గానీ చేసే సూక్ష్మ, చిన్న సంస్థలకి ఇంకో రక్షణ ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, ముందే చేయించుకుని ఉండాలి. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం కొన్నవాళ్ళు ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులకి మించి ఆపకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ, ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. కానీ మాలాగా కొని అమ్మే వ్యాపారులకి ఇది వర్తించదు. 2021 నుంచి వ్యాపారులకీ ఉద్యమ్ ఇస్తున్నారు గానీ అది బ్యాంకు లోన్ల కోసం వరకే. ఈ తేడా తెలీక ఆశ పెట్టుకున్నవాళ్ళని చూశా, అందుకే చెప్తున్నా.

వారానికి అరగంట

నేను శుక్రవారం రాత్రి షట్టర్ సగం దించి కూర్చుంటా, శనివారం పొద్దున్న మేస్త్రీలకి ఫోన్ చేయాలి కాబట్టి. వచ్చేవారం గడువున్నవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద, గడువు దాటినవాళ్ళు ఇంకో కాగితం మీద, పక్కన వాళ్ళు చివరగా చెప్పిన మాట, "మిర్చి అమ్మాక", "స్లాబ్ విడత", "18న సగం". ఎర్ర అంకె దాటిన ఖాతాలకి పక్కన గీత. నాలుగు గళ్ళ మొత్తాలు నెలకోసారి. ఆ తమ్ముడు ఇప్పుడు ఇదే చేస్తున్నాడు, మొన్న చూస్తే నాలుగో గడి 2,80,000 నుంచి 1,65,000కి దిగింది, బంగారం ఇంకా విడిపించలేదు, సంక్రాంతిలోపు విడిపిస్తా అన్నాడు.

నా 83,400 సంగతి అడుగుతారేమో. కోర్టుకి వెళ్ళలేదు. ఒక ఆదివారం పొద్దున్న మేస్త్రీని వెంటబెట్టుకుని ఇంటాయన దగ్గరికే వెళ్ళా, ముగ్గురం వరండాలో కూర్చున్నాం, బిల్లులన్నీ తారీఖు వరసన పేర్చి ముందు పెట్టా. మేస్త్రీకి ఆయన ఇవ్వాల్సిన దాంట్లోంచి 60,000 నేరుగా నాకు నాలుగు విడతల్లో ఇచ్చేట్టు ఒప్పుకున్నారు, కాగితం మీద ముగ్గురం సంతకాలు పెట్టాం, మిగతా 23,400 మేస్త్రీ పని మీద పని పెట్టుకుంటూ ఏడాదిన్నరలో తీర్చాడు. ఆయన ఇప్పటికీ మా షాపుకే వస్తాడు. వచ్చి నేను అడగకముందే చెప్తాడు, "ఇది ఓనరు ఖాతా, ఫోన్ చేసుకోండి" అని.